మస్టర్ రోల్‌లో లేనివారి సంఘం

దేశంలో అతిపెద్ద కార్మిక సంఘం ఏది? పోటీ పరీక్షలకు చదివే విద్యార్థిని అడిగితే తడుముకోకుండా భారతీయ మజ్దూర్ సంఘ్ అంటాడు. ఆ జవాబుకు ప్రభుత్వ లెక్కే ఆధారం. 2002 డిసెంబర్ 31 నాటి సభ్యత్వాన్ని ప్రాతిపదికగా తీసుకుని కేంద్ర కార్మిక శాఖ జరిపిన పరిశీలనలో బీఎంఎస్‌కు 62.15 లక్షలు, ఐఎన్‌టీయూసీకి 39.54 లక్షలు, ఏఐటీయూసీకి 34.42 లక్షలు, హెచ్‌ఎంఎస్‌కు 33.38 లక్షలు, సీఐటీయూకు 26.78 లక్షల మంది సభ్యులున్నట్టు తేలింది. ఆ ఫలితాలు వెలువడేసరికి 2008 వచ్చింది. ఆ తరువాత ఇంత విస్తృతమైన లెక్క మరొకటి పూర్తి కాలేదు. అంటే రెండు దశాబ్దాలు దాటిన ఒక జాబితానే ఈనాటికీ కార్మిక సంఘాల పలుకుబడికి కొలబద్దగా చెల్లుబాటవుతోంది.

ఎన్నికల వార్తలు రాసే వృత్తిలో ఉన్నవారికి ఇలాంటి జాబితాల మీద మమకారం ఎక్కువ. ఎవరు ముందున్నారు, ఎవరు వెనకబడ్డారు, ఎవరి ఓట్లు ఎటు మళ్ళాయి అన్న మూడు ప్రశ్నలతో రోజులు గడిచిపోతాయి. నేనూ అందుకు మినహాయింపు కాదు. కానీ రాయ్‌పూర్‌లో కూర్చుని ఈ జాబితాను తిరగేస్తే ఒక లోటు కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ నేల మీద పుట్టి, దేశంలోని కార్మికోద్యమ చర్చనే మలుపు తిప్పిన సంఘం ఇందులో ఎక్కడా కనిపించదు. కనిపించే అవకాశమూ లేదు. ఎందుకు లేదన్నదే ఈ వ్యాసం విషయం. 2025 నవంబర్ 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది గనుక ఇది పాత చరిత్ర మాత్రమే కాదు, రేపటి సంగతి కూడా.

రైలు మార్గం, మిల్లు, పత్రిక

ఛత్తీస్‌గఢ్‌లో కార్మికోద్యమం నియోగీతో మొదలైందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రాయ్‌పూర్‌కు పడమరగా అదే రైలు మార్గంలో ఉన్న రాజ్‌నాంద్‌గావ్ అప్పట్లో ఒక సంస్థానం. అక్కడి నూలు మిల్లులో 1920లో ఠాకూర్ ప్యారేలాల్ సింగ్ నాయకత్వాన కార్మికులు నెలకు పైగా సమ్మె చేశారు. దేశంలో తొలి కేంద్ర కార్మిక సంఘమైన ఏఐటీయూసీ బొంబాయిలో పుట్టింది కూడా ఆ ఏడాదే, అక్టోబర్ 31న. మహానగరంలో సమాఖ్య వెలిసిన సంవత్సరమే ఒక చిన్న సంస్థానపు మిల్లులో వారాల తరబడి పని స్తంభించడం గమనించదగిన విషయం.

ప్యారేలాల్ సింగ్‌ను సంస్థానం నుంచి బహిష్కరించారు. ఆయన రాయ్‌పూర్ చేరి న్యాయవాదిగా, పురపాలక సంఘ అధ్యక్షుడిగా, చేనేత సహకారోద్యమ నిర్మాతగా ఎదిగారు. 1950లో 'రాష్ట్రబంధు' అనే పత్రిక ప్రారంభించారు. ఒక కార్మిక నాయకుడు చివరి దశలో పత్రికాసంపాదకుడు కావడం యాదృచ్ఛికం కాదు. సమ్మె జరిగిందని చెప్పే గొంతు లేకపోతే ఆ సమ్మె ఊరి పొలిమేర దాటదని ఆయన తరం నాయకులందరికీ అనుభవపూర్వకంగా తెలుసు. ఈ ప్రాంతపు తొలి మాసపత్రిక 'ఛత్తీస్‌గఢ్ మిత్ర'ను మాధవరావు సప్రే 1900లోనే పెండ్రా నుంచి వెలువరించారు. అది మూడేళ్ళకే ఆగిపోయింది. పత్రిక పెట్టడం కంటే నిలబెట్టడం కష్టమన్న పాఠం ఇక్కడివారికి అప్పటికే తెలిసివచ్చింది.

తెలుగు పాఠకులకు ఇక్కడ మరొక బంధుత్వం ఉంది. రాయ్‌పూర్ మీదుగా పోయే రైలు మార్గం ఒకనాటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సొత్తు. ఖరగ్‌పూర్ కేంద్రంగా ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసినవారు బరంపురంలో పుట్టిన మన వరాహగిరి వెంకటగిరి. ఆయన 1950లలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక ఒక వాదన ముందుకు తెచ్చారు. వివాదాలను ట్రిబ్యునళ్ళకు అప్పగించే అలవాటు సంఘాలను నీరసింపజేస్తుందని, యాజమాన్యమూ సంఘమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని ఆయన అభిప్రాయం. దానికి 'గిరి విధానం' అని పేరు వచ్చింది. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించడంతో 1954లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు.

గిరి కోరినట్టు ఎదురెదురుగా కూర్చోవాలంటే ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది. కార్మికుల పక్షాన కూర్చునే హక్కు ఎవరిది? ఒకే కర్మాగారంలో అయిదు సంఘాలుంటే యాజమాన్యం ఎవరితో మాట్లాడాలి?

ఎవరు పెద్ద అన్నది తేల్చేదెవరు?

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘాన్ని నమోదు చేసుకునే హక్కు ఇచ్చింది గాని, యాజమాన్యం దానిని గుర్తించి తీరాలని చెప్పలేదు. ఆ లోటు పూడ్చడానికి 1947లో సవరణ ఆమోదించారు. ఆ సవరణ పుస్తకాలలోనే ఉండిపోయింది, అమలు తేదీ ప్రకటించనేలేదు. 1958లో క్రమశిక్షణ నియమావళి వచ్చింది. సంస్థలోని కార్మికులలో కనీసం 15 శాతం సభ్యత్వం ఉన్న సంఘం గుర్తింపు అడగవచ్చునన్నది అందులోని నియమాలలో ఒకటి. అది చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. ఇష్టమున్న యాజమాన్యం పాటించింది, లేనిది పక్కన పెట్టింది.

లెక్క ఎలా తీయాలన్న దానిమీద కూడా రెండు శిబిరాలు ఏర్పడ్డాయి. సభ్యత్వ రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు చూసి తేల్చాలని ఐఎన్‌టీయూసీ పట్టుబట్టింది. రహస్య బ్యాలట్ పెట్టాలని వామపక్ష సంఘాలు కోరాయి. ఈ తగాదాకు కారణం సూత్రం కన్నా అవసరం. రిజిస్టరులో పేరుండటం వేరు, తెర వెనుక నిలబడి ఓటు ముద్ర వేయడం వేరు. రసీదు పుస్తకంలో పేరున్నవాడు బ్యాలట్ పెట్టె దగ్గర అదే జెండాకు ఓటు వేస్తాడన్న హామీ లేదు. 1995లో భారత ఆహార సంస్థ సిబ్బంది కేసులో సుప్రీంకోర్టు రహస్య బ్యాలట్‌కు ఒక పద్ధతి నిర్దేశించిన తరువాత ఆ దారి కొంత స్థిరపడింది.

జాతీయ స్థాయి జాబితా మాత్రం రిజిస్టర్ల మీదనే ఆధారపడింది. సంఘాలు తమ సభ్యత్వాన్ని చెప్పుకుంటాయి, కార్మిక శాఖ అధికారులు పత్రాలు తనిఖీ చేస్తారు. 1989 నాటి లెక్కలో 31.17 లక్షలతో బీఎంఎస్ మొదటి స్థానానికి వచ్చినప్పుడు అది ఒక రాజకీయ సంచలనం. స్వాతంత్ర్యానంతరం దశాబ్దాలపాటు ఆ స్థానం కాంగ్రెస్ అనుబంధ సంఘానిది. అప్పుడు అయిదో స్థానంలో ఉన్న ఏఐటీయూసీ 2002 లెక్కకు మూడో స్థానానికి వచ్చింది. మూడో స్థానంలో ఉన్న సీఐటీయూ అయిదుకు దిగింది. ఈ అంకెలు ఉత్త గొప్ప కోసం కావు. భారత కార్మిక మహాసభలో కుర్చీలు, జెనీవాకు వెళ్ళే ప్రతినిధి వర్గంలో చోటు, ప్రభుత్వ కమిటీలలో సభ్యత్వం వీటిమీద ఆధారపడతాయి.

కేంద్ర కార్మిక సంఘంగా గుర్తింపు పొందాలంటే 5 లక్షల సభ్యత్వం ఉండాలి. అది కనీసం నాలుగు రాష్ట్రాలలో, నాలుగు పరిశ్రమలలో విస్తరించి ఉండాలి. నియమం సహేతుకమే. కానీ ఒకే నేల మీద, ఒకే ఇనుప ఖనిజం చుట్టూ, అక్కడి జనం భాషలో వేళ్ళూనుకున్న సంఘానికి ఈ తరాజులో బరువు సున్నా.

దల్లీ రాజ్‌హరా

భిలాయ్ ఉక్కు కర్మాగారాన్ని సోవియట్ సహకారంతో కట్టారు. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మన బంధువులలో ఎవరో ఒకరు 'భిలాయ్‌లో పనిచేశారు' అన్న మాట ఉత్తరాంధ్రలో వినని ఊరుండదు. కర్మాగారానికి ఇనుప ఖనిజం వచ్చేది సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజ్‌హరా గనుల నుంచి. ఉక్కు నగరంలో క్వార్టర్లు, పాఠశాలలు, ఆసుపత్రి ఉండేవి. గనుల దగ్గర కొండను గడ్డపారతో పగలగొట్టి, గంపలతో మోసి, లారీలకెత్తే వేలాది ఆదివాసీ, ఛత్తీస్‌గఢీ స్త్రీ పురుషులు ఉండేవారు. వారిలో అధికులు కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారు. కర్మాగారం కడుపు నింపింది వారే, కర్మాగారం జాబితాలో లేనిదీ వారే.

1977 ఆరంభంలో బోనస్ ఒప్పందం జరిగింది. గుర్తింపు పొందిన సంఘాలు సంతకాలు చేశాయి. శాశ్వత కార్మికుడికి 308 రూపాయలు, కాంట్రాక్టు కార్మికుడికి 70 రూపాయలు. ఒకే కొండ, ఒకే ఖనిజం, ఒకే ఎండ. ఈ వ్యత్యాసాన్ని కాంట్రాక్టు కార్మికులు అంగీకరించలేదు. తమ పేరున సంతకం చేసిన సంఘాలను వదిలి బయటికి వచ్చారు. కొత్త సంఘానికి నాయకుడి కోసం వెతికి, అత్యవసర పరిస్థితిలో మీసా కింద జైలుకు వెళ్ళి విడుదలైన శంకర్ గుహా నియోగీని తీసుకువచ్చారు. జల్పాయిగుడిలో పుట్టిన ఆయన భిలాయ్ కోక్ ఓవెన్లలో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఆ తరువాత దానీటోలా గనిలో కూలీగా పనిచేశాడు. అక్కడి ఆదివాసీ కార్మికురాలు ఆశాను పెళ్ళాడాడు. 1977 మార్చిలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ ఏర్పడింది. జెండా రంగులు ఎరుపు, ఆకుపచ్చ. ఎరుపు కార్మికులకు, ఆకుపచ్చ రైతులకు గుర్తు.

ఆనాడు ఏ ప్రభుత్వ జాబితా తిరగేసినా ఆ గనులలో గుర్తింపు ఉన్న సంఘాలు వేరు, జనం నమ్మిన సంఘం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం జూన్‌లో తుపాకుల పాలయింది. వర్షాకాలానికి ముందు గుడిసెలు బాగుచేసుకోవడానికి 100 రూపాయల చొప్పున ఇస్తామన్న హామీని కాంట్రాక్టర్లు తప్పారు. సమ్మె మొదలైంది. జూన్ 2 రాత్రి నియోగీని పోలీసులు పట్టుకుపోయారు. కార్మికులు మిగిలిన పోలీసులను చుట్టుముట్టి, తమ నాయకుడిని తెచ్చి అప్పగించమన్నారు. ఆ రాత్రి, మరునాడు జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. అత్యవసర పరిస్థితి పోయి, స్వేచ్ఛ తిరిగి వచ్చిందన్న సంబరంతో కేంద్రంలో జనతా ప్రభుత్వం ఏర్పడి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు.

అంకె కాని బలం

ఆ పైన పద్నాలుగేళ్ళు ఆ సంఘం చేసిన పనులను మామూలు సంఘాల కొలతలతో కొలవడం కష్టం. కూలి పెరిగితే ఆ డబ్బు సారా దుకాణానికి పోతోందని గమనించి మద్యపానానికి వ్యతిరేకంగా ఉద్యమించారు. గనుల యాంత్రీకరణ వస్తే వేలాదిమంది పని పోతుందని, యంత్రమూ మనిషీ కలిసి పనిచేసే ప్రత్యామ్నాయ పథకాన్ని కాగితం మీద లెక్కలతో సహా యాజమాన్యం ముందు పెట్టారు. కార్మికుల చందాలతో, శ్రమదానంతో 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి తెరిచారు. ఆ తేదీ 1977 కాల్పుల సంస్మరణ దినం. ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

మరొక పని చరిత్రకు సంబంధించినది. కరువు కాలంలో వ్యాపారి గిడ్డంగి తెరిపించి ధాన్యం పంచిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను ఆంగ్లేయులు 1857 డిసెంబర్‌లో రాయ్‌పూర్‌లో ఉరితీశారు. ఈనాటి జయస్తంభ్ చౌక్ ఆ ఉరి జరిగిన చోటుగా ప్రసిద్ధం. ఆయన స్మృతిని జనం పండుగగా మార్చినవారిలో ఈ గని కార్మికులు ముందున్నారు. ఈరోజు క్రికెట్ మైదానానికి ఆయన పేరుంది, ప్రభుత్వ ఉత్సవాల్లో ఆయన పటముంది. ఆ పటాన్ని ముందుగా మోసిన చేతులెవరివో చెప్పేవారు తక్కువ.

వీటిలో ఏదీ సభ్యత్వ రిజిస్టరులోకి ఎక్కదు. అయితే జనం తీర్పుకు ఒక కొలమానం దొరకకపోలేదు. 1985లో డౌండీ లోహారా శాసనసభ స్థానం నుంచి ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నాయకుడు, గని కార్మికుడు జనక్‌లాల్ ఠాకూర్ గెలిచారు. 1993లో మళ్ళీ గెలిచారు. పెద్ద పార్టీ అండ లేదు, పెద్ద పత్రిక అండ అసలే లేదు.

ఈ రెండో లోటు గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు నేల మీద కార్మికోద్యమానికి సొంత దినపత్రికలు ఉండేవి. 1952లో విజయవాడ నుంచి మొదలైన 'విశాలాంధ్ర'ను తలచుకుంటే చాలు. పత్రిక వచ్చిన ఊళ్ళో సమ్మె వార్త మరునాటి ఉదయానికి అచ్చులో ఉండేది. దల్లీ రాజ్‌హరాకు అది లేదు. రాయ్‌పూర్ హిందీ దినపత్రికలు ఛత్తీస్‌గఢీ మాట్లాడే కూలీకి అంత దగ్గరివి కావు. అందుకే ఆ సంఘం పాటను ఆశ్రయించింది. 'నవా అంజోర్' అనే సాంస్కృతిక బృందం, ఫాగూరామ్ యాదవ్ వంటి కార్మిక కవులు, చిన్న చిన్న కరపత్రాలు, పుస్తకాలు వారి పత్రిక పనిచేశాయి. ఎంతమంది చదివారన్న లెక్క లేదు. ఎంతమంది పాడారన్న లెక్క అంతకన్నా లేదు.

1990 నాటికి ఉద్యమం భిలాయ్ చుట్టుపక్కల ప్రైవేటు కర్మాగారాలకు, రాయ్‌పూర్ శివారు ఉర్లా పారిశ్రామిక వాడకు పాకింది. కోరికలు పాతవే. బతకడానికి సరిపడే కూలి, శాశ్వత ఉద్యోగం, సంఘం పెట్టుకునే హక్కు. 1991 సెప్టెంబర్‌లో నియోగీ కార్మికులతో ఢిల్లీ వెళ్ళి రాష్ట్రపతికి వినతిపత్రం ఇచ్చారు. ఆనాటి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ ఒకప్పుడు కార్మిక చట్టాల న్యాయవాది, 1949లో 'లేబర్ లా జర్నల్' స్థాపించినవారు. ఏ రిజిస్టరూ గుర్తించని సంఘం తన బలాన్ని చూపుకోవడానికి ఎంచుకున్న పద్ధతి కార్మికుల సంతకాల మూట. ఆ నెల 28న తెల్లవారుజామున భిలాయ్‌లో నిద్రిస్తున్న నియోగీని కిటికీలోంచి కాల్చి చంపారు.

మరుసటి ఏడాది జూలై 1న భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర రైలు పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా మరణించారు. హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలను కూడా దోషులుగా తేల్చింది. 1998లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకీ పేల్చినవాడికి యావజ్జీవ శిక్ష ఖాయం చేసి, మిగిలినవారి విడుదలను సమర్థించింది.

సింగరేణి చెప్పే రెండో కథ

ఇంతవరకు చదివినవారు, లెక్కలన్నీ వ్యర్థమని నేను చెప్పబోతున్నానని అనుకోవచ్చు. కాదు. లెక్క లేకపోతే ఏమవుతుందో మన సింగరేణి చరిత్ర చెబుతుంది. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న ఆ గనుల్లో పదుల సంఖ్యలో సంఘాలు ఉండేవి. ఏడాదికి వందల సంఖ్యలో చిన్నా పెద్దా సమ్మెలు జరిగేవి. ఎవరితో ఒప్పందం చేసుకోవాలో యాజమాన్యానికి తెలియదు, తమ పేరున ఎవరు మాట్లాడుతున్నారో కార్మికుడికి తెలియదు. 1998లో రహస్య బ్యాలట్ ద్వారా గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం వేర్వేరు కాలాల్లో గెలిచాయి. నల్లని దుమ్ములోంచి బయటికి వచ్చిన కార్మికుడు ఓటు వేసి నాయకుడిని మార్చగల స్థితి వచ్చింది. అది సామాన్యమైన విషయం కాదు.

అయితే ఆ ఎన్నికలే మరొక నిజాన్ని కూడా బయటపెట్టాయి. 2012లో, 2017లో గెలిచిన సంఘం తెలంగాణ ఉద్యమ పార్టీ నీడన పెరిగినది. 2023 డిసెంబర్‌లో, ఆ పార్టీ రాష్ట్రంలో అధికారం కోల్పోయిన కొన్ని వారాలకే, గుర్తింపు ఎన్నికలో ఆ సంఘం అడుగుకు జారిపోయింది. సుమారు రెండు వేల ఓట్ల ఆధిక్యంతో ఏఐటీయూసీ గెలిచింది, ఐఎన్‌టీయూసీ రెండో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ళలో, అయిదేళ్ళలో ఒక సంఘం పని అంత మారిపోతుందా? మారింది హైదరాబాద్‌లో కుర్చీ. సంఘాల వరుస క్రమంలో కార్మికుడి మనసు కొంత, అధికారపు నీడ కొంత కలిసి ఉంటాయి. వాటిని విడదీసే జల్లెడ ఏ కార్మిక శాఖ దగ్గరా లేదు.

అంతకంటే ముఖ్యమైనది ఓటర్ల జాబితా. 1990లలో లక్ష దాటిన ఉద్యోగుల సంఖ్య 2023 ఎన్నిక నాటికి నలభై వేల లోపుకు దిగింది. బొగ్గు ఉత్పత్తి మాత్రం తగ్గలేదు. మిగిలిన పనిలో పెద్ద భాగం యంత్రాలు, కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు. ఆ కాంట్రాక్టు కార్మికులకు గుర్తింపు ఎన్నికలో ఓటు లేదు. బ్యాలట్ పెట్టె నిజాయితీగా ఉంది. దాని ముందున్న వరుస నుంచి వేలాదిమందిని ముందే పక్కకు తప్పించారు.

చేతిలోని ఫోను

ఈ కాలంలో పలుకుబడికి మరొక కొలత వచ్చింది. ఎంతమంది చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది అనుసరిస్తున్నారు అన్న లెక్క. కార్మిక సంఘాలూ దానికి దూరంగా లేవు. 1998లో ఎరిక్ లీ ప్రారంభించిన 'లేబర్‌స్టార్ట్' ప్రపంచవ్యాప్తంగా సమ్మెల వార్తలను ఒకచోట చేర్చింది. ఎక్కడో ఒక దేశంలో తొలగించిన కార్మికుల కోసం వేలాది నిరసన లేఖలను గంటల్లో పంపించే ఏర్పాటు చేసింది. మేలైన పని. ఆ వేదికే ఏటా ఉత్తమ కార్మిక వెబ్‌సైట్ ఏదో ఓట్లతో ఎంపిక చేసే పోటీ కూడా నడిపింది. ఇలాంటి పోటీలో ఎక్కువ మంది సభ్యులు, ఎక్కువ కంప్యూటర్లు, ఎక్కువ ఇంగ్లీషు ఉన్న సంఘానికి సహజంగానే మొగ్గు ఉంటుంది. గంపతో ఖనిజం మోసే మనిషి దగ్గర ఈ మూడూ లేవు.

ఛత్తీస్‌గఢ్ దీనికి తనదైన జవాబు చెప్పింది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి మరికొందరితో కలిసి 2010లో 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టారు. చదువు అవసరం లేదు, ఇంటర్నెట్ అవసరం లేదు. మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు మోగిస్తే ఒక మీట నొక్కి తన మాట రికార్డు చేయవచ్చు, మరో మీట నొక్కి ఇతరుల మాట వినవచ్చు. గోండీలో, ఛత్తీస్‌గఢీలో, హిందీలో జనం చెప్పుకున్నారు. ఉపాధి హామీ కూలి రాలేదని, చేతిపంపు పాడైందని, బడికి మాస్టారు రావడం లేదని. చెప్పిన మాటను సరిచూసి వినిపించేవారు, సంబంధిత అధికారి నంబరు కూడా జతచేసేవారు. కూలి అందింది, పంపు బాగైంది అని మళ్ళీ ఫోను చేసి చెప్పినవారున్నారు. నవా అంజోర్ పాటలకు ఇది మనవరాలు అనిపిస్తుంది నాకు. ఇక్కడ ఒక మాట విలువ ఎంతమంది విన్నారన్న దానిలో లేదు, వినవలసిన ఆ ఒక్క అధికారి విన్నాడా లేదా అన్న దానిలో ఉంది.

51 శాతం, దేనిలో?

ఇప్పుడు కొత్త కోడ్ దగ్గరికి వద్దాం. 1926 నుంచి ఎవరూ పూర్తి చేయని పనిని ఇది చేసింది. గుర్తింపును చట్టంలో పెట్టింది. ఒక సంస్థలో 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘం ఏకైక చర్చల ప్రతినిధి అవుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతం చొప్పున ఉన్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. 1947 సవరణ గతి తెలిసినవారికి ఇది చిన్న మార్పు కాదు. పెద్ద కేంద్ర సంఘాలలో చాలావరకు ఈ కోడ్‌ను వ్యతిరేకిస్తున్నాయి. సమ్మె నోటీసు నిబంధనలు, తొలగింపులకు ముందస్తు అనుమతి పరిమితిని 100 నుంచి 300 మంది కార్మికులకు పెంచడం వారి ప్రధాన అభ్యంతరాలు. వాటిమీద చర్చ బాగానే జరుగుతోంది. నా అనుమానం మరొక మాట మీద ఉంది. ఆ 51 శాతం దేనిలో?

చట్టం చెప్పే జవాబు, ఆ సంస్థ మస్టర్ రోల్‌లో ఉన్న కార్మికులలో. కాంట్రాక్టు కార్మికుడి పేరు ఉండేది కాంట్రాక్టరు మస్టర్ రోల్‌లో. 2001లో ఉక్కు ప్రాధికార సంస్థ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన ఆ కార్మికులు అసలు సంస్థ ఉద్యోగులైపోరని తేల్చింది. భిలాయ్ కర్మాగారం ఆ సంస్థదే. నియోగీ సంఘంలో పనిచేసి, తరువాత న్యాయవాది అయిన సుధా భరద్వాజ్ వంటివారు ఆ తీర్పు తరువాతి కాలంలో కాంట్రాక్టు కార్మికుల కేసులు వాదించారు. ఇప్పుడు సిల్తరాలో, ఉర్లాలో స్పాంజ్ ఐరన్ కొలిమి ముందు నిలబడి పనిచేసేవాడు ఎవరి మస్టర్ రోల్‌లో ఉంటాడు? ఆరు నెలలకొకసారి మారే కాంట్రాక్టరు పుస్తకంలో. ఆ పుస్తకంలో 51 శాతం సాధించి ఆయనతో చర్చలు జరిపితే దొరికేదేమిటి? కూలి రేటు నిర్ణయించేది గేటు లోపలి యాజమాన్యం. ఆ యాజమాన్యం జాబితాలో వీరికి పేరే లేదు.

1977లో దల్లీ రాజ్‌హరాలో జరిగింది సరిగ్గా ఇదే. సంతకం చేసిన సంఘాలు దొంగ సంఘాలు కావు. వాటికి నిజమైన సభ్యులున్నారు, నిజమైన రిజిస్టర్లున్నాయి. లెక్క ప్రకారం అవే పెద్దవి. కానీ ఆ లెక్కలో లేనివారికి 70 రూపాయలు వచ్చాయి, ఉన్నవారికి 308. తప్పు వరుస క్రమంలో లేదు, హాజరు పట్టీలో ఉంది.

అందుకే కార్మిక సంఘాల ఎన్నికలు, సభ్యత్వ పరిశీలనలు వార్తలుగా వచ్చినప్పుడు నా వృత్తి మిత్రులకు నాదొక విన్నపం. ఎవరు మొదటి స్థానంలో నిలిచారో రాద్దాం, ఎన్ని ఓట్ల ఆధిక్యమో రాద్దాం. దానితోపాటు ఇంకో రెండు అంకెలు కూడా అడిగి రాద్దాం. ఆ గేటులోంచి రోజూ లోపలికి వెళ్ళేవారు ఎంతమంది, వారిలో ఓటు ఉన్నవారు ఎంతమంది. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో తెలిస్తే, సంఘాల జాబితాలో మొదటి పేరు ఎవరిదైనా, దానికి ఎంత బరువు ఇవ్వాలో పాఠకుడే తేల్చుకుంటాడు.